క్రాస్బీనా, మల్కినా? ఇద్దరి పీక్‌ని లెక్క ప్రకారం పోల్చడం ఎలా

ఈ గొడవ మా ఇంట్లో ఏళ్ల తరబడి నడుస్తోంది. మా బావ పిట్స్‌బర్గ్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి ఎంత క్రమం తప్పకుండా వెళ్తాడో అక్కడి ఐస్ హాకీ జట్టు పెంగ్విన్స్ మ్యాచ్‌లూ అంతే క్రమం తప్పకుండా చూస్తాడు. ఆ జట్టులోని ఇద్దరు మేటి ఆటగాళ్లలో ఆయన మల్కిన్ పార్టీ. నేను ఇక్కడ తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి చూసే క్రాస్బీ పార్టీ. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన "2009 కప్పు ఎవరు తెచ్చారు బామ్మర్దీ?" అంటాడు, నేను "120 పాయింట్లు ఎవరు కొట్టారు బావా?" అంటాను, ఆ తర్వాత అక్క ఫోన్ లాక్కుంటుంది. ఇలా ఎన్నేళ్లు వాదించుకున్నా తేలదని ఒకరోజు కాగితం, కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది, మేం పోల్చుకుంటున్నది ఒకే విషయాన్ని కాదని. ఆ కూర్చోవడంలో నేర్చుకున్న పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. క్రాస్బీ, మల్కిన్‌ల కోసం చేసినా, ఒకే జట్టులో ఆడిన ఏ ఇద్దరికైనా పనికొస్తుంది.

హాకీ అనగానే మనకి ధ్యాన్‌చంద్, పచ్చిక, టర్ఫ్ గుర్తొస్తాయి కాబట్టి ఒక మాట. ఇది ఐస్ హాకీ, అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్. ఆట తెలియకపోయినా పర్లేదు, రెండు సంగతులు తెలిస్తే చాలు. గోల్ కొట్టినవాడికి ఒక పాయింట్, ఆ గోల్‌కి ముందు పక్ (మంచు మీద జారే రబ్బరు బిళ్ల) అందించిన వాళ్లలో గరిష్ఠంగా ఇద్దరికి చెరొక పాయింట్. ఇక్కడ చెప్పే సీజన్లలో మామూలుగా జట్టుకి 82 మ్యాచ్‌లు, ఆ తర్వాత ప్లేఆఫ్స్ (ముందు వరస జట్ల నాకౌట్ సిరీస్‌లు), గెలిచిన జట్టుకి స్టాన్లీ కప్.

ఇక మనుషులు. సిడ్నీ క్రాస్బీ కెనడాలోని నోవా స్కోషియావాడు, 1987లో పుట్టాడు, 2005 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి ఎంపిక. యెవ్గెనీ మల్కిన్ రష్యాలోని మాగ్నితోగోర్స్క్‌లో 1986లో పుట్టాడు, 2004 డ్రాఫ్ట్‌లో సాటి రష్యన్ ఓవెచ్కిన్ తర్వాత రెండో ఎంపిక, కానీ పిట్స్‌బర్గ్‌కి ఆడటం మొదలెట్టింది 2006లో. ఇద్దరూ సెంటర్లే, అంటే దాడి చేసే ముగ్గురిలో మధ్యవాడి స్థానం. ఇద్దరూ కలిసి 2009, 2016, 2017లో కప్పు గెలిచారు. లీగ్‌లో అత్యధిక పాయింట్లకిచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీ చెరి రెండుసార్లు తీసుకున్నారు. అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ క్రాస్బీకి రెండు, మల్కిన్‌కి ఒకటి. ప్లేఆఫ్స్ మొత్తంలో మేటి ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ కూడా అంతే, రెండు, ఒకటి. మొత్తం కెరీర్ చూస్తే క్రాస్బీ పైచేయి అని మా బావ కూడా ఒప్పుకుంటాడు. గొడవంతా పీక్ గురించే, అంటే తన అత్యుత్తమ దశలో ఎవరు ఎక్కువ గొప్పగా ఆడారన్నదాని గురించే.

ముందు పీక్ అంటే ఎంత కాలమో రాసుకోండి

ఇది అందరూ వదిలేసే మెట్టు. అంకెలు తెరవకముందే పీక్ అంటే ఎంత పొడవో తేల్చుకుని కాగితం మీద రాసేయాలి. ఒక సీజనా, వరసగా మూడు సీజన్లా, ఒక ఏడాది ప్లేఆఫ్సా? అంకెలు చూశాక తేల్చుకుందాంలే అనుకుంటే మీకు తెలియకుండానే మీవాడికి నప్పే కొలతనే ఎంచుకుంటారు, నేను చేసిందీ అదే. క్రికెట్‌లో ఒక్క ఇన్నింగ్స్ చూపించి ఒకరిని, పదేళ్ల సగటు చూపించి ఇంకొకరిని గొప్పవాళ్లని చేసే వాదనలు మనకి కొత్త కాదుగా.

ఎందుకింత పట్టుదల అంటే, ఒకే కాలాన్ని చూసినా కొలత మారితే గెలిచేవాడు మారిపోతాడు. 2006-07 నుంచి 2008-09 దాకా మూడు సీజన్లు తీసుకోండి. మల్కిన్ 85, 106, 113, కలిపితే 304 పాయింట్లు. క్రాస్బీ 120, 72, 103, కలిపితే 295. ఓహో మల్కినే ముందు అనిపిస్తుంది. కానీ మల్కిన్ ఆడింది 242 మ్యాచ్‌లు, క్రాస్బీ 209. మ్యాచ్‌కి లెక్కేస్తే మల్కిన్ 1.26, క్రాస్బీ 1.41. ఒకే మూడేళ్లు, రెండు సమాధానాలు, రెండూ తప్పు కాదు. జట్టుకి ఎవరు ఎక్కువ ఇచ్చారంటే మొదటిది, మంచు మీద ఉన్నంతసేపు ఎవరు ఎక్కువ ప్రమాదకరంగా ఉన్నారంటే రెండోది.

కాబట్టి ప్రతి కాలానికీ రెండు వరసలు రాయండి: మొత్తం పాయింట్లు ఒకటి, మ్యాచ్‌కి సగటు ఒకటి. ఈ రెండింటినీ కలిపి ఒకే మార్కు చేయకండి. కలిపారంటే మళ్లీ గొడవ మొదటికే వస్తుంది.

పట్టిక వేసుకోవడం

పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, లీగ్ సైట్‌లో ప్రతి ఆటగాడి సీజన్ అంకెలు ఉచితంగానే దొరుకుతాయి. ఒక్కొక్కరివి మంచి సీజన్లు నాలుగైదు తీసి పక్కపక్కన పెట్టుకోండి. నా కాగితం మీద ఉన్నవి ఇవి:

క్రాస్బీ 2006-07: 79 మ్యాచ్‌లు, 120 పాయింట్లు, సగటు 1.52.
క్రాస్బీ 2009-10: 81 మ్యాచ్‌లు, 109 పాయింట్లు, అందులో 51 గోల్స్, సగటు 1.35.
క్రాస్బీ 2010-11: 41 మ్యాచ్‌లు, 66 పాయింట్లు, సగటు 1.61.
క్రాస్బీ 2013-14: 80 మ్యాచ్‌లు, 104 పాయింట్లు, సగటు 1.30.
మల్కిన్ 2007-08: 82 మ్యాచ్‌లు, 106 పాయింట్లు, సగటు 1.29.
మల్కిన్ 2008-09: 82 మ్యాచ్‌లు, 113 పాయింట్లు, సగటు 1.38.
మల్కిన్ 2011-12: 75 మ్యాచ్‌లు, 109 పాయింట్లు, అందులో 50 గోల్స్, సగటు 1.45.

ఇంతవరకు చూసి తీర్పు చెప్పేస్తే క్రాస్బీ గెలిచినట్టే, మనం ఇళ్లకి వెళ్లిపోవచ్చు. నేను మొదట అలాగే వెళ్లిపోయాను. ఆ సాయంత్రమే బావకి ఫోన్ చేసి చెబితే ఒకటే అడిగాడు: "ఆ 41 మ్యాచ్‌ల తర్వాత మీవాడు ఎక్కడున్నాడు?"

గాయాల్ని ఎలా లెక్కలో వేయాలి

ఈ ఇద్దరి విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది, అందుకే దీని మీద ఎక్కువసేపు కూర్చోవాలి.

2011 జనవరి మొదటి వారంలో, కొత్త సంవత్సరం రోజు జరిగిన మ్యాచ్‌లో ఒకటి, 5న జరిగిన మ్యాచ్‌లో ఇంకొకటి, క్రాస్బీ తలకి రెండు దెబ్బలు తగిలాయి. కన్‌కషన్, అంటే మెదడు అదిరిన గాయం. ఆ సీజన్ అక్కడితో సరి. తిరిగి 2011 నవంబర్‌లో వచ్చాడు, వచ్చిన రోజే రెండు గోల్స్, రెండు అసిస్ట్‌లు (గోల్‌కి పక్ అందించినందుకు వచ్చే పాయింట్లు), 8 మ్యాచ్‌లు ఆడి మళ్లీ కూర్చున్నాడు, మార్చిలో వచ్చి ఇంకో 14 ఆడాడు. 2011-12 మొత్తానికి 22 మ్యాచ్‌లు, 37 పాయింట్లు. ఆ తర్వాతి సీజన్‌ని లాకౌట్ (యజమానులకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక ఆట ఆపేయడం) వల్ల 48 మ్యాచ్‌లకి కుదించారు. అందులో 36 ఆడి 56 పాయింట్లతో ముందున్నవాడికి మార్చి చివర్లో పక్ తగిలి దవడ విరిగింది. చివరి 12 మ్యాచ్‌లు ఆడలేదు, అయినా ఆర్ట్ రాస్ పోయింది 4 పాయింట్ల తేడాతోనే. 60 పాయింట్లతో మార్టిన్ సెయింట్ లూయిస్ తీసుకున్నాడు.

ఈ మూడు ముక్కల్ని అతికించండి: 41, 22, 36 కలిపి 99 మ్యాచ్‌లు. 66, 37, 56 కలిపి 159 పాయింట్లు. సగటు 1.61. అంటే ఒక సీజన్ కంటే ఎక్కువ మ్యాచ్‌లు, మల్కిన్ ఏ సీజన్‌లోనూ అందుకోని వేగంతో ఆడాడు. ఇది నాకు దొరికిన అతి పెద్ద ఆయుధం.

కానీ ఆయుధం దొరికింది కదా అని పరీక్షించకుండా వాడకూడదు. చాలామంది చేసే పని ఏంటంటే 1.61ని 82తో గుణించి "132 పాయింట్ల సీజన్" అని ప్రకటించేయడం. ఆడని మ్యాచ్‌ల్లో పాయింట్లు రావు. పైగా ఆ 41 మ్యాచ్‌ల లోపల చూడండి: అందులోనే వరసగా 25 మ్యాచ్‌ల్లో పాయింట్ సాధించిన పరుగు ఉంది, ఆ 25లో 26 గోల్స్, 24 అసిస్ట్‌లు, అంటే 50 పాయింట్లు. అది తీసేస్తే మిగిలింది 16 మ్యాచ్‌ల్లో 16 పాయింట్లు! సగం సీజన్ సగటు అనేది ఒక్క వేడి పరుగు మీద నిలబడి ఉండొచ్చని దీన్ని చూస్తే తెలుస్తుంది. పూర్తి సీజన్‌లో ఆ వేడి చల్లారే రోజులు కూడా కలుస్తాయి, అలసట కలుస్తుంది, ఫిబ్రవరిలో వరస ప్రయాణాలు కలుస్తాయి.

మరి ఆ 99 మ్యాచ్‌లు పనికిరావా? పనికొస్తాయి. తర్వాతి రెండు ముక్కలు, 22 మ్యాచ్‌ల్లో 1.68, 36 మ్యాచ్‌ల్లో 1.56, ఆ 25 మ్యాచ్‌ల పరుగుతో సంబంధం లేనివి. మూడు వేర్వేరు సందర్భాల్లో, మధ్యలో నెలల తరబడి ఆట లేకుండా వచ్చి కూడా అదే ఎత్తులో ఆడాడంటే గాలివాటం అని కొట్టిపారేయలేం. నేను పెట్టుకున్న నియమం ఇది: ముక్కల్ని కలిపి సగటు తీయొచ్చు, 82కి సాగదీయకూడదు. "అంత ఎత్తులో ఆడగలిగాడు" అన్నదానికి అది సాక్ష్యం. "ఒక సీజన్ ఆడాడు" అన్నదానికి కాదు.

మల్కిన్‌కీ గాయాలున్నాయి, మర్చిపోవద్దు. 2011 ఫిబ్రవరిలో మోకాలి లిగమెంట్లు తెగాయి, 2010-11లో 43 మ్యాచ్‌ల్లో 37 పాయింట్లే. ఆ శస్త్రచికిత్స తర్వాత వచ్చిన మొదటి సీజనే ఆ 109.

కాలాన్ని బట్టి సరిచేయడం

మన దగ్గర ఒకప్పటి వంద రూపాయలకీ ఇప్పటి వంద రూపాయలకీ తేడా ఉన్నట్టే పాయింట్లకీ ఉంటుంది. 2004-05 లాకౌట్ తర్వాత లీగ్‌లో అడ్డుకోవడం, పట్టుకోవడం లాంటి తప్పులకి రెఫరీలు తెగ పెనాల్టీలు ఇచ్చారు. పెనాల్టీ అంటే అవతలి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి, మనకి పవర్‌ప్లే. 2006-07లో ఒక్కో జట్టుకి మ్యాచ్‌కి సగటున ఐదుకి దగ్గరగా పవర్‌ప్లేలు వచ్చేవి. 2011-12 వచ్చేసరికి అవి మూడు చిల్లరకి పడిపోయాయి. క్రాస్బీ 120లో దాదాపు సగం పవర్‌ప్లేలో వచ్చినవే. అది తప్పేం కాదు, వచ్చిన అవకాశాన్ని వాడుకున్నాడు, కానీ 2011-12లో మల్కిన్‌కి ఆ భోజనం వడ్డించలేదు.

సరిచేయడం సులువే. ఆ సీజన్‌లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి సగటున ఎన్ని గోల్స్ కొట్టిందో చూసి, ఆ నిష్పత్తితో గుణించడమే. 2006-07లో అది సుమారు 2.9, 2011-12లో సుమారు 2.7. 2.9ని 2.7తో భాగిస్తే 1.07. మల్కిన్ 1.45ని దాంతో గుణిస్తే 1.56 దగ్గరికి వస్తుంది. క్రాస్బీ 2006-07 సగటు 1.52 కదా. అంటే నేను ఏళ్ల తరబడి చూపించిన ఆ 120 పాయింట్ల సీజన్, కాలం తేడా తీసేస్తే, మల్కిన్ 2011-12 కంటే కొద్దిగా కిందే ఉంది. ఇది చూసినప్పుడు కాలిక్యులేటర్‌ని రెండుసార్లు క్లియర్ చేసి మళ్లీ కొట్టాను. అంతే వచ్చింది.

ఈ లెక్కని మరీ నమ్మకండి కూడా. లీగ్ సగటులో తక్కువసేపు ఆడే నాలుగో లైన్ ఆటగాళ్లు, డిఫెన్స్‌వాళ్లు అందరూ ఉంటారు, మేటి ఆటగాళ్ల పాయింట్లు కచ్చితంగా అదే నిష్పత్తిలో పెరగవు, తగ్గవు. 1.52కీ 1.56కీ మధ్య తేడా చూసి ఊరేగింపు చేయకూడదు. దగ్గరదగ్గర అని రాసుకుని ముందుకెళ్లాలి. కానీ 2010-11లో క్రాస్బీ 1.61ని కూడా ఇలాగే సరిచేస్తే 1.67 దాకా పోతుంది, అది దగ్గరదగ్గర కాదు.

రెండోవాడు ఎంత దూరంలో ఉన్నాడు

కాలం తేడాని తప్పించుకోవడానికి ఇంకో అడ్డదారి ఉంది, నాకు దీని మీదే ఎక్కువ గురి. ఆ సీజన్‌లో రెండో స్థానంలో ఉన్నవాడికి ఎంత దూరం? అందరూ అవే నిబంధనలతో, అవే గోల్‌కీపర్ల మీద ఆడారు కాబట్టి సర్దుబాటు అక్కర్లేదు.

2006-07లో క్రాస్బీ 120, రెండో స్థానంలో జో థార్న్‌టన్ 114. దూరం 6. 2008-09లో మల్కిన్ 113, ఓవెచ్కిన్ 110, మూడోవాడు 103తో మన క్రాస్బీయే. 2011-12లో మల్కిన్ 109, స్టామ్‌కోస్ 97. స్టామ్‌కోస్ ఆ ఏడు 60 గోల్స్ కొట్టాడు, అయినా 12 పాయింట్ల వెనక, అదీ మల్కిన్ 7 మ్యాచ్‌లు ఆడకుండానే. 2013-14లో క్రాస్బీ 104, గెట్జ్‌లాఫ్ 87. దూరం 17! అందరూ 120 గురించి మాట్లాడతారు కానీ ఈ కొలత ప్రకారం ఇద్దరి పూర్తి సీజన్లలో అన్నింటికంటే ఎక్కువ ఆధిపత్యం చూపించింది క్రాస్బీ 2013-14. అయితే ఈ కొలతకీ ఒక లోపం ఉంది, రెండోవాడికి ఆ ఏడాది గాయమైతే మొదటివాడు ఊరికే ఎత్తుగా కనిపిస్తాడు. అందుకని రెండోవాణ్ని ఒక్కణ్నే కాకుండా ఐదో స్థానంలో ఉన్నవాణ్ని కూడా చూడటం మంచిది.

సహచరులు కాబట్టి వచ్చే తిరకాసు

ఇప్పటిదాకా చెప్పిందంతా వేర్వేరు జట్లవాళ్లని పోల్చడానికీ పనికొస్తుంది. ఒకే జట్టులో ఉన్నవాళ్ల అంకెలు మాత్రం ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, వాటిని విడదీయకుండా తీర్పు చెప్పకూడదు.

మొదటిది, ఒకే గోల్‌కి ఇద్దరికీ పాయింట్ వస్తుంది. సాధారణంగా వీళ్లిద్దరూ వేర్వేరు లైన్లకి (కలిసి దాడికి దిగే ముగ్గురి బృందాలకి) సెంటర్లు, మంచు మీదకి విడివిడిగా వస్తారు. పవర్‌ప్లేలో మాత్రం ఒకే యూనిట్. అక్కడ క్రాస్బీ ఇస్తే మల్కిన్ కొట్టిన గోల్ ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది. కాబట్టి పవర్‌ప్లే పాయింట్లు పక్కనపెట్టి, ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు వచ్చిన పాయింట్లని విడిగా ఒకసారి పోల్చండి. ఎవరి లైన్‌ని ఎవరు నడిపించారో అక్కడ తెలుస్తుంది.

రెండోది, అవతలి జట్టు తన మేటి డిఫెన్స్ జంటని ఎవరి మీదకి పంపింది? జట్టులో ఇద్దరు సింహాలుంటే వేటగాడు ఒక్కదాని వెంటే పడగలడు. 2009 ఫైనల్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. అవతలి జట్టు డెట్రాయిట్ కోచ్ తన మేటి ఫార్వర్డ్ సెటర్‌బర్గ్‌ని, మేటి డిఫెన్స్ ఆటగాడు లిడ్‌స్ట్రోమ్‌ని వీలైనంతవరకు క్రాస్బీ మీదకే వదిలాడు. ఏడు మ్యాచ్‌ల్లో క్రాస్బీకి వచ్చినవి 3 పాయింట్లు, మల్కిన్‌కి 8. మా బావ ఆ 8 చూపిస్తాడు, నేను ఆ ఇద్దరు కాపలాదారుల్ని చూపిస్తాను. ఇద్దరం కరెక్టే అనుకుంటా.

మూడోది అన్నిటికంటే ఉపయోగం: ఒకరు లేనప్పుడు ఇంకొకరు ఎలా ఆడారు? ఇది సహజంగా దొరికిన ప్రయోగం, దీన్ని వదులుకోకూడదు. మ్యాచ్‌వారీ జాబితా తెరిచి, క్రాస్బీ ఆడని తేదీలు గుర్తు పెట్టుకుని, ఆ తేదీల్లో మల్కిన్ పాయింట్లు కలపడమే, గంటసేపు పని. ఇక్కడ మల్కిన్ నన్ను నోరెత్తనివ్వలేదు. 2008 జనవరిలో క్రాస్బీ చీలమండ బెణికింది, ఆ సీజన్‌లో మొత్తం 29 మ్యాచ్‌లు పోయాయి. చాలామంది పెంగ్విన్స్ పని అయిపోయిందనుకున్నారు. మల్కిన్ అప్పటికి రెండో సీజన్ కుర్రాడు, ఇంగ్లీషు కూడా సరిగ్గా రాదు, అతనే జట్టుని భుజాన వేసుకున్నాడు, ఆర్ట్ రాస్ పోటీలో ఓవెచ్కిన్ వెనకే రెండో స్థానంలో ముగించాడు, ఆ ఏడు జట్టు ఫైనల్‌కి వెళ్లింది. 2011-12లో అయితే క్రాస్బీ లేని మ్యాచ్‌లు 60. అవతలి కోచ్‌లందరికీ ఒక్కడే లక్ష్యం, కాపలా అంతా మల్కిన్ మీదే, ఆ సీజన్‌లో వచ్చినవే ఆ 109 పాయింట్లు, ఆ 50 గోల్స్, ఆర్ట్ రాస్, హార్ట్ రెండూ.

"పోటీ లేకపోతే మంచు మీద ఎక్కువసేపు ఉంటాడు, పాయింట్లు అందుకే పెరిగాయి" అని మీరు అనొచ్చు. అందులో నిజముంది. అందుకే ఆడిన నిమిషాలు కూడా చూడాలి, 60 నిమిషాలకి ఎన్ని పాయింట్లు అన్న లెక్క వేస్తే ఈ అనుమానం చాలావరకు తీరుతుంది. పక్కన ఎవరు ఆడారన్నదీ చూడాలి: ఆ ఏడు మల్కిన్ పక్కన జేమ్స్ నీల్, క్రిస్ కునిట్జ్ ఆడారు, నీల్ 40 గోల్స్ కొట్టాడు. నీల్ వల్ల మల్కిన్ పెరిగాడా, మల్కిన్ వల్ల నీల్ పెరిగాడా? నీల్ ఎన్‌హెచ్‌ఎల్ కెరీర్‌లో మళ్లీ ఎప్పుడూ 40 కొట్టలేదు, దాన్నిబట్టి మీరే అనుకోండి.

ఇదే ప్రయోగం తిరగేసి చేయడానికి క్రాస్బీకి ఇంత పెద్ద నమూనా దొరకదు. కానీ 2010-11లో మల్కిన్ గాయపడేసరికే క్రాస్బీ సీజన్ ముగిసిపోయింది, కాబట్టి ఆ 1.61 సగటులో మల్కిన్ లేకపోవడం వల్ల వచ్చిన లాభమూ లేదు, నష్టమూ పెద్దగా లేదు.

ప్లేఆఫ్స్‌ని వేరే గిన్నెలో వండండి

రెగ్యులర్ సీజన్‌తో కలపకండి. 20, 25 మ్యాచ్‌లు అంటే చిన్న నమూనా, ఒక్క బలహీనమైన గోల్‌కీపర్ ఎదురైతే అంకెలు పొంగిపోతాయి. అయినా ఎవరి కీర్తి అయినా కట్టేది అక్కడే కాబట్టి వదిలేయలేం.

2009లో ఇద్దరూ 24 మ్యాచ్‌లు ఆడారు. మల్కిన్ 36 పాయింట్లు, క్రాస్బీ 31. 1993లో దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ 40 కొట్టాక ఒకే ప్లేఆఫ్స్‌లో 36 పాయింట్లు అప్పటిదాకా ఎవరూ కొట్టలేదు. కాన్ స్మైత్ గెలిచిన మొదటి రష్యన్ మల్కినే. అదే ఏడు రెగ్యులర్ సీజన్ కూడా కలిపి చూస్తే 106 మ్యాచ్‌ల్లో 149 పాయింట్లు, ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా. శరీరాన్ని అక్టోబర్ నుంచి జూన్ దాకా నిలబెట్టుకోవడం కూడా పీక్‌లో భాగమే అనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఏడాది చూపించలేను. ఆ ఏడు ఫైనల్ చివరి మ్యాచ్‌లో, ఏడోదాంట్లో, క్రాస్బీ మోకాలికి దెబ్బ తగిలి చాలాసేపు బెంచి మీదే ఉన్నాడు. 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో రెండు గోల్సూ మ్యాక్స్ టాల్బట్‌వి, అంటే మా వాదనలో ఇద్దరిలో ఎవరికీ చెందవు.

2016, 2017 కాన్ స్మైత్‌లు క్రాస్బీవి. 2017లో పాయింట్లలో మాత్రం మల్కిన్‌కి 28, క్రాస్బీకి 27. పాయింట్లు ఎక్కువ ఉన్నవాడికి కాకుండా ఇంకొకరికి ఓటేశారంటే, ఓటేసినవాళ్లు అంకెల్లో రానిది ఏదో చూశారన్నమాట.

ఆ "ఏదో" కోసం మ్యాచ్‌లు చూడాల్సిందే

అంకెల తర్వాత కనీసం నాలుగు పూర్తి మ్యాచ్‌లు చూడండి, హైలైట్స్ కాదు. హైలైట్స్‌లో మల్కినే గెలుస్తాడు, ఎప్పుడూ. మధ్య మంచు నుంచి పక్ తీసుకుని పొడుగాటి అంగలతో ఇద్దరు ముగ్గురిని దాటుకుంటూ వచ్చే ఆట అది, కళ్లు తిప్పుకోలేం. 2009 మే ప్లేఆఫ్స్‌లో కరోలినా మీద రెండో మ్యాచ్ చూడండి, హ్యాట్రిక్ కొట్టాడు. అదే నెలలో వాషింగ్టన్ మీద రెండో మ్యాచ్ కూడా చూడండి, ఒకే రాత్రి అటు ఓవెచ్కిన్, ఇటు క్రాస్బీ చెరో హ్యాట్రిక్. ఆ సిరీస్ ఏడు మ్యాచ్‌ల్లో క్రాస్బీకి 13 పాయింట్లు.

క్రాస్బీని చూసేటప్పుడు పక్ వెంట కాకుండా అతని వెంటే కళ్లు పెట్టండి. గోల్ వెనక, బోర్డుల దగ్గర, ఇద్దరు మీద పడి నొక్కుతున్నా పక్ వదలడు, బ్యాక్‌హ్యాండ్‌తో ఎక్కడికైనా పంపుతాడు. వెనక్కి తిరిగి డిఫెన్స్‌కి పరిగెత్తడంలో కూడా మల్కిన్ కంటే నమ్మకస్తుడు, అనవసరపు పెనాల్టీలూ తక్కువ. మల్కిన్ కోపం వస్తే ఎవణ్నో ఒకణ్ని కొట్టి రెండు నిమిషాలు పెనాల్టీ పెట్టెలో కూర్చుంటాడు, ఆ రెండు నిమిషాలు జట్టుకి టెన్షన్. ఈ సంగతి చెబితే మా బావ మాట మార్చేస్తాడు.

జాతీయ జట్ల తరఫున ఆటని కూడా ఒక పక్క రాసుకోవచ్చు, అక్కడ ఇద్దరూ విడివిడిగా దొరుకుతారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్‌లో అమెరికా మీద ఓవర్‌టైమ్ గోల్ క్రాస్బీది. 2012 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రష్యా బంగారం గెలిచినప్పుడు మల్కిన్ 10 మ్యాచ్‌ల్లో 19 పాయింట్లు కొట్టి టోర్నీ మేటి ఆటగాడయ్యాడు. ఆ ఏడాదే ఎన్‌హెచ్‌ఎల్‌లో 109. అంటే 2011 శరత్కాలం నుంచి 2012 మే దాకా భూమి మీద అతనికంటే బాగా ఆడినవాడు లేడు, ఈ మాట రాయడం నాకు అంత సులువుగా లేదు.

నా లెక్క ఎక్కడ తేలింది

ఎత్తు అడిగితే క్రాస్బీ. ఆ 99 మ్యాచ్‌ల్ని నేను వదులుకోను, మల్కిన్ అంత ఎత్తులో అన్ని మ్యాచ్‌లు ఎప్పుడూ లేడు. నిజంగా జరిగిన ఒక్క పూర్తి ఏడాది, ప్లేఆఫ్స్‌తో సహా చూపించమంటే మల్కిన్ 2008-09. ఒంటరిగా మోసిన సీజన్ అంటే మల్కిన్ 2011-12. వరసగా మూడేళ్లంటే సగటులో క్రాస్బీ, మొత్తంలో మల్కిన్. ఇందులో మీరు మొదట కాగితం మీద ఏ కొలత రాసుకున్నారో అదే మీ జవాబు, నాది ఎత్తు కాబట్టి నేను ఇంకా క్రాస్బీ పార్టీలోనే ఉన్నాను, మునుపటి కంటే తక్కువ అరుస్తాను.

పద్ధతి చేతికి రావాలంటే అదే క్లబ్‌లో పాత జంట మీద ఒకసారి వేసి చూడండి: 1995-96లో మారియో లెమ్యూ 70 మ్యాచ్‌ల్లో 161, యారొమిర్ యాగర్ 82 మ్యాచ్‌ల్లో 149. అది తొందరగా తేలిపోతుంది. తేలనిది కావాలంటే ఎడ్మంటన్ జంట 2019-20: డ్రైసైటిల్ 71 మ్యాచ్‌ల్లో 110, మెక్‌డేవిడ్ 64 మ్యాచ్‌ల్లో 97. సగటులు 1.55, 1.52. పవర్‌ప్లేలో ఇద్దరూ ఒకే యూనిట్, చాలా గోల్స్ ఇద్దరి ఖాతాలోనూ ఉంటాయి, విడదీయడానికి ఒక ఆదివారం మొత్తం పడుతుంది.

ఇదంతా మా బావకి పంపించాను. చదివి ఒక్క మాటే రాశాడు: 2017లో లీగ్ ప్రకటించిన వందమంది మేటి ఆటగాళ్ల జాబితాలో క్రాస్బీ పేరుంది, మల్కిన్ పేరు లేదు, దానికి ఏ పట్టిక వేస్తావు బామ్మర్దీ?